గులాబీ పొర గట్టిపడేదాకా

పరుపులు కుట్టే దస్తగిరికి రెండు రోజులుగా ఐస్‌క్రీమ్ కుదరడం లేదు.

కూతురు షమీమ్‌కి రేపటితో తొమ్మిదేళ్లు నిండుతాయి. ఏం కావాలమ్మా అంటే గౌను అనలేదు, గాజులు అనలేదు. "అమ్మ చేసే మూడు పొరలది" అంది. కింద గులాబీ, నడుమ పాలు, పైన పిస్తా.

అమ్మ పోయి నాలుగు నెలలు. పిల్ల ఏడుస్తుందని దస్తగిరి మూడో రోజే చీరలు పంచేశాడు. ఫొటో బీరువాలో బోర్లించాడు. ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకుండా చూశాడు. పిల్ల ఏడవలేదు. నాలుగు నెలల్లో నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ మూడు రంగులు కలిసిపోయి వానాకాలం కాలవ నీళ్లలా తేలింది. మూడోసారికి దర్గా నుంచి తన గురువు పీరు తాతను పిలుచుకొచ్చాడు, దువా చేస్తాడని.

"పొరల పని నాకు కొత్తా తాతా? పత్తి మీద పత్తి పరిచి గంటలో పరుపు దించేవాణ్ణి."

"పత్తి కారదు గదరా," అన్నాడు తాత, పిస్తా పప్పు నములుతూ.

దస్తగిరి గులాబీ పాలు స్టీలు డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాడు. అయిదు నిమిషాలకు తలుపు తీసి వేలితో పొడిచి చూశాడు. మళ్లీ తీశాడు. మళ్లీ. ఇక ఆగలేక పాల గిన్నె ఎత్తాడు.

తాత లేచి గిన్నె అందుకుని పక్కన పెట్టాడు. ఫ్రిజ్ మూసి, చేతిలోని తస్బీ మాల దాని పిడికి తగిలించాడు.

"దీన్ని నేనే తీస్తా."

జపం చేసే మాలను ముట్టుకునే ధైర్యం దస్తగిరికి లేదు. కూర్చున్నాడు. ఆ ఇంట్లో పగటిపూట ఊరికే కూర్చోవడం ఆమె పోయాక అదే మొదలు. చేతులకు పనిలేక లుంగీకి అంటిన దూది పీకసాగాడు.

షమీమ్ వచ్చి గడప మీద చతికిలబడింది.

"గట్టిపడిందా తాతా?"

"లేదమ్మా. మీ అమ్మకు ఎంతసేపు పట్టేది?"

దస్తగిరి తాత వైపు కోపంగా చూశాడు.

"పొరకొక కథ పట్టేది," అంది షమీమ్. "గులాబీకి నాయన కథ. పెళ్లికి తనే పరుపు కుట్టి తెచ్చినాడంట. దాంట్లో సూది మర్చిపోయినాడంట."

తాత పకపకా నవ్వాడు.

"సూది కాదు," అన్నాడు దస్తగిరి. "దబ్బనం. మీ అమ్మ వారం రోజులు..."

షమీమ్ నవ్వబోయి ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. దస్తగిరి ఊరుకోమనలేదు.

ఎండ గడప దాటాక తాత మాల తీసి, తలుపు తెరిచాడు. దస్తగిరి పాలు పోశాడు. గులాబీ మీద తెలుపు కదలకుండా నిలిచింది.

"నమాజుకు వేళైంది. నా మాల తీసుకుపోతా," అంటూ తాత చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

దస్తగిరి ఆయన చేతిలోంచి మాల మెల్లగా అందుకున్నాడు. ఫ్రిజ్ మూసి, తనే దాన్ని పిడికి తగిలించాడు.

"ఇంకో రెండు కథలున్నాయి తాతా."

"తొందరేం లేదులే," అన్నాడు తాత.