రేవణ్ణ కోసేసిన పట్టీలు

శివరాత్రి ముందర నల్లమల నడకదారిలో శ్రీశైలం పోయే జనాన్ని చూశారు గదా? ఏం చూశారో చెప్పండి. కాళ్లకు చుట్టుకున్న గుడ్డపేలికలు చూశామంటారు. బొబ్బలు చూశామంటారు. మోదుగుపూలు చూసొచ్చామని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. వీపులు చూశారా? ఎవరి వీపు మీద ఏముందో, ఎవరి బరువు ఎవరి వీపు మీదికి పోయిందో చూశారా? అది చూడకపోతే మీరా దారి చూడనట్టే.

నేను చూసింది చెప్తాను. అప్పటికి ఆ దారిలో దీపాలు లేవు, నీళ్ల ట్యాంకర్లు లేవు. ఆత్మకూరు దాటితే అడవి మొదలు. సద్దిమూటలో సజ్జరొట్టెలు, బుడ్డల ఉండలు, అదే వేరుశనగ ఉండలు. వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని తాగడమే. ఇప్పటికీ ఎక్కడైనా తడి ఇసుక వాసన తగిలితే నాకు ఆ నడక గుర్తొచ్చి అడుగు ఆగిపోతుంది.

మా గుంపుకు ముందర చెన్నమల్లయ్యసామి నడిచేవాడు. జంగమసామి, మఠానికి పెద్ద. ఎండుకట్టెలాంటి మనిషి. మాట తక్కువ. భుజాన జోలె, చేతిలో కర్ర, అంతే.

సామి దగ్గర రేవణ్ణ అని శిష్యుడు. దీక్ష కోసం కాచుకుని ఉన్నాడు. ఆ మఠం వాళ్లు దీక్ష మఠంలో ఇవ్వరు. శిష్యుడు తన కాళ్లతో కొండెక్కి కైలాసద్వారం చేరాలి, అక్కడ ఇస్తారు. అది వాళ్ల ఆచారం. అంతకుముందు ఏడు రేవణ్ణ భీముని కొలను దాటాక ఆ నిట్టనిలువు ఎక్కుడులో మోకాలు పట్టేసి కూలబడ్డాడు. కొందరం భుజాలిచ్చి వెనక్కి తీసుకొచ్చాం. దీక్ష తప్పిపోయింది. ఈ ఏడూ తప్పితే సామి చేతి మీదుగా ఇక లేనట్టే. వచ్చే ఏటికి నా కాళ్లు రావని సామి ముందే చెప్పేశాడు.

తప్పంతా సంచీదేనని తేల్చుకున్నాడు రేవణ్ణ. అబద్ధం కాదు. పోయినేడు అతని సంచీ చూస్తే కాపురం మారుస్తున్నాడేమో అనిపించేది. ఇత్తడి చెంబు, రాగి పళ్లెం, అట్టలు కట్టిన పారాయణ గ్రంథాలు, మడతపీట కూడా.

అందుకని ఈసారి కర్నూలు పోయాడు. పాత మిలిటరీ సామాన్లు అమ్మే ఖాదర్ సాహెబు అంగట్లో సంచీలన్నీ దింపించాడు. ఒక్కోదాంట్లో ఇసుక పోయించి, తగిలించుకుని, సందు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. నడుం మీద వేలాడేది వద్దన్నాడు. భుజం కోసేది వద్దన్నాడు.

"ఏం సామీ, సంచీ కొంటున్నావా, పెళ్లిచూపులు చూస్తున్నావా?" అన్నాడు సాహెబు.

"పెళ్లాం అయితే నేను మోయక్కర్లేదు సాహెబూ" అన్నాడు రేవణ్ణ.

చివరికి ఒకటి నచ్చింది. పల్చటి కాన్వాసు సంచీ. మఠానికి తెచ్చి దాని మీద పడ్డాడు. వెనకున్న ఇనపచట్రం ఊడబీకాడు. పక్కజేబులు కోసేశాడు. పైమూత తీసేసి మూతికి నాడా ఎక్కించాడు. తోలుపట్టీలు పీకి, కంబళి ముక్కలు లోపల పెట్టి గుడ్డపట్టీలు కుట్టాడు. వాటిని ఇంకాస్త పైకి కుట్టాడు, బరువు నడుం మీదికి జారకుండా వీపు రెక్కల మధ్య కూచునేలా. అడుగున దుప్పటి కట్టుకునే పట్టీలుంటే, దుప్పటి లోపలే పెడతాను గదా అని అవీ కత్తిరించాడు. మంచుకు తడవకుండా మైనం రుద్దాడు. పని మంచి పని, కాదనను. కుట్టు చూస్తే కళ్లకద్దుకోవాలనిపించేది.

లోపల పెట్టేవీ అంతే. పంచె ఒకటే. చెంబు పోయి సొరకాయ బుర్ర వచ్చింది. నాలుకబద్ద సగం విరిచి సగమే తీసుకున్నాడు.

మాతో సిద్ధమ్మ అని ఒక ముసలామె నడిచేది. ఏటా వస్తుంది, తోడు ఎవరూ ఉండరు. ఆమె ఆ నాలుకబద్ద చూసి, "రేవణ్ణా, మొలతాడు కూడా తెంపెయ్ నాయనా, ఇంకా తేలికైపోతావు" అంది. ఆత్మకూరు నుంచి నాగలూటి దాకా అందరం అదే చెప్పుకుని నవ్వాం.

రేవణ్ణ పట్టించుకోలేదు. గాలిలో తేలినట్టు నడిచాడు. దారిలో ఎవరు కూచున్నా వాళ్ల పక్కన చేరి, "మూట విప్పు, ఏది అక్కర్లేదో నేను చెప్తా" అనేవాడు. ఒకరి చేత తిరగలి పిడి పారేయించాడు, ఇంకొకరి చేత పాతచెప్పులు. వాళ్లు సంతోషించారు కూడా. అతనికి అదొక విద్యలా పట్టుబడింది.

భీముని కొలను దగ్గర తెల్లవారి స్నానాలయ్యాయి. పైన ఎక్కుడు. సిద్ధమ్మ కర్ర పొడుచుకుంటూ నాలుగడుగులు వేసి బండ మీద కూలబడింది. ఆమె నెత్తిన ఒక మూట. గట్టిగా ముళ్లు వేసి ఉంది. నెత్తి మీంచి దించడానికే ఇద్దరు కావాల్సొచ్చింది.

రేవణ్ణ వచ్చాడు. "అవ్వా, విప్పు మూట."

"ఎందుకు నాయనా?"

"ఏముందో చూస్తా. సగం ఇక్కడ వదిలేస్తే హాయిగా ఎక్కుతావు."

అవ్వ మూటను ఒళ్లోకి లాక్కుంది. "వద్దులే."

"బరువు నీకే గదా అవ్వా."

"నాకే గదా. నీకేం వచ్చె?"

"నీ కోసం అందరూ ఆగాల్నా? సామీ, మీరన్నా చెప్పండి. వదల్లేకపోతే ఎక్కలేరు. ఆశ కాకపోతే ఏముంటుంది అందులో?"

సామి చెయ్యి చాపాడు. "నీ సంచీ ఇట్ల తే" అన్నాడు.

రేవణ్ణ ఇచ్చాడు. సామి దాన్ని చిటికెనవేలికి తగిలించి పైకెత్తి చూశాడు. "దూదిపింజ మాదిరి ఉంది. బాగా కుట్టినావు." రేవణ్ణ మొహం వెలిగింది.

సామి బండ మీద కూచున్నాడు. జోలెలోంచి దబ్బనం, దారం తీశాడు. తన పైగుడ్డ అంచు పర్రున చింపాడు. దాన్ని మడతలు మడతలుగా వేసి, రేవణ్ణ సంచీ అడుగున కుట్టడం మొదలుపెట్టాడు. అటొక పట్టీ, ఇటొక పట్టీ. మైనం రుద్దిన గుడ్డలో దబ్బనం దిగడానికి మొరాయిస్తోంది. కుట్టిపెడతానని మాలో ఒకరు లేవబోతే, కళ్లతోనే కూచోబెట్టాడు.

రేవణ్ణ వంగి చూశాడు. "సామీ, అవి నేను కోసి పారేసినవే గదా."

సామి కుడుతూనే ఉన్నాడు.

"బరువు పెరుగుతుంది సామీ."

సామి దారం పంటితో తెంపాడు. సిద్ధమ్మ ఒళ్లోంచి మూట తీసుకున్నాడు. ముళ్లు విప్పలేదు, చేత్తో తడిమి కూడా చూడలేదు. దాన్ని ఆ పట్టీలకు కట్టి సంచీ రేవణ్ణ ముందు పెట్టాడు.

రేవణ్ణ ఒక అడుగు వెనక్కి వేశాడు. "సామీ, పోయినేడు కూలబడింది ఈ ఎక్కుడులోనే. ఇది కట్టుకుని మళ్లీ మోకాలు పట్టేస్తే నా దీక్ష పోతుంది. కనీసం అందులో ఏముందో చూడనీండి. అక్కర్లేనిదైతే..."

"పోయినేడు నీ సంచీ మఠానికి ఎట్ల చేరిందిరా?" అన్నాడు సామి.

రేవణ్ణ మావైపు చూశాడు. మేమంతా కొలనువైపు చూశాం. అది మాలో ఒకరు మోశారు. చెంబు అంచు వెన్నులో గుచ్చుకుంటుంటే అడవంతా మోశారు. విప్పి చూసి, ఈ పీట ఎందుకురా వీడికి, అని పారేసినవాళ్లెవరూ లేరు. ఏడాది పాటు ఆ మాట అతనికి తోచలేదు, మాకు చెప్పాలనీ తోచలేదు.

సామి కర్ర ఊతంగా లేచాడు.

"నీదైతే ఏరుకో రేవణ్ణా. ఇంకొకరిదైతే మొయ్యి."

అని పైకి నడిచాడు, వెనక్కి చూడకుండా.

మేం ముందే పైకి చేరాం. కైలాసద్వారం పక్కన సామి విభూతి తడిపి పెట్టుకుని కూచున్నాడు. పొద్దు ఎక్కింది. నీళ్లిస్తే తాగలేదు. రేవణ్ణ తిరిగిపోయాడేమో అని ఒకరన్నారు. సామి ఆరిపోతున్న విభూతిని మళ్లీ తడిపాడు.

ఎంతసేపటికో మలుపులో కనిపించారు ఇద్దరూ. రేవణ్ణ వంగిపోయి, ఒక కాలు ఈడ్చుకుంటూ, మెట్టుమెట్టుకూ ఆగుతూ వస్తున్నాడు. చేతిలో అవ్వ కర్ర. పక్కన అవ్వ, నెత్తిన మూట లేకుండా, అతని మోచెయ్యి పట్టుకుని వస్తోంది. ఎవరు ఎవర్ని ఎక్కిస్తున్నారో చెప్పడం కష్టం.

వచ్చి సామి ముందు నిలబడి సంచీ దించబోయాడు.

"దించొద్దు" అన్నాడు సామి.

ఆ బరువుతోనే మోకరిల్లాడు. సామి అతని నుదుట విభూతి పెట్టాడు. చెవిలో చెప్పాల్సింది చెప్పాడు. రేవణ్ణ కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, చెమటో ఏదో.

"తొందరగా కానియ్ సామీ, నా మూట నాకు కావాల" అంది వెనక నుంచి సిద్ధమ్మ.

అంతా నవ్వాం. ఆమే పట్టీల ముడి విప్పుకుంది, మూట నెత్తిన పెట్టించుకుంది, గుడివైపు వెళ్లిపోయింది. రేవణ్ణ ఆమె పోయినంతసేపూ చూశాడు. అడగలేదు.

కొన్నేళ్లకు సామి పోయాడు. అవ్వ కూడా పోయింది. ఆ మూటలో ఏముందో ఎవరికీ తెలియకుండానే పోయింది. రాయి ఉందేమో, దేవుడున్నాడేమో, చనిపోయినవాళ్ల బట్టలున్నాయేమో. నాకిన్నేళ్లొచ్చాయి, నా వీపు మీదికీ మనుషులు చాలా బరువులు ఎక్కించారు, ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు ఆ మూట గుర్తొస్తుంది.

చెప్పండి, ఆ బండ దగ్గర మీరుంటే, ఏముందో అడక్కుండా ఎత్తుకునేవారా?