కొసరు మాట

ఆ ఊళ్ళో అంగళ్ళవాళ్ళు కొసరు బాగా వేసేవాళ్ళు.

మూర పూలు కొంటే ఇంకో జానెడు. గుప్పెడు పంచదార చిలకలు కొంటే ఇంకో రెండు. బదులుగా కొన్నవాడు ఒక్క మాట చెప్పాలి. తన గురించి ఏదో ఒక చిన్న మాట. నోట్లోంచి పోయేదే కదా, జేబులోంచి కాదు కదా అని జనం సంతోషంగా చెప్పేవాళ్ళు.

అందరికంటే సంతోషంగా చెప్పేవాడు ఒక కుర్రాడు. మబ్బు కనిపిస్తే నడిరోడ్డు మీదైనా నిలబడిపోయే రకం. తన గురించి ఎవరైనా అడిగితే చాలు, వాడి కళ్ళు చెమర్చేవి. ఊరంతా తనని ఇంత ప్రేమిస్తోందని వాడి నమ్మకం.

"ఎవరికి నాయనా ఈ పూలు?" అంది పూల అవ్వ.

"విస్తళ్ళు కుట్టే అమ్మాయికి. ఇంకా ఇవ్వలేదులే అవ్వా. రోజూ కొని ఇంట్లోనే పెట్టుకుంటున్నాను."

"అయ్యో నా తండ్రీ!" అని అవ్వ జానెడు కొసరు వేసింది.

చెప్పులు కుట్టేవాడు మడమ అరిగిన చెప్పు చూసి, "ఏ వీధిలో ఇంతగా తిరుగుతున్నావయ్యా?" అన్నాడు. కుర్రాడు వీధి పేరుతో పాటు తను ఆగే మలుపు కూడా చెప్పాడు. రెండు మేకులు ఊరికే పడ్డాయి. దిండ్లవాడికి తన కలలు చెప్పాడు. గుప్పెడు దూది ఎక్కువ వచ్చింది. మంగలి అంగట్లో ఎంతసేపు కావాలంటే అంతసేపు అద్దం చూసుకోవచ్చు. అక్కడ నిలబడి వాడు ఆ అమ్మాయితో చెప్పాల్సిన మాట సాధన చేసుకునేవాడు. నవ్వకండి, అద్దం ముందు మనమంతా ఇంతే.

సాయంత్రం అంగళ్ళు కట్టేశాక వాళ్ళంతా ఒక చాప మీద చేరి, వచ్చిన మాటలన్నీ కుప్ప పోసేవాళ్ళు. విడివిడిగా చూస్తే పొట్టు. కలిపి చూస్తే అచ్చం మనిషి.

ఒకరోజు కుర్రాడు గుండె చిక్కబట్టుకుని ఆ అమ్మాయి అరుగు దగ్గరికి వెళ్ళాడు. ఆమె మోదుగాకులు ఒళ్ళో పెట్టుకుని పుల్లతో కుడుతోంది. తల ఎత్తలేదు.

"నీతో ఒక మాట..."

"నువ్వు కుట్టే విస్తట్లో నేనొక ఆకునైతే చాలు. అదేనా?"

కుర్రాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పొద్దున్న మంగలి చెప్పిపోయాడు," అంది ఆమె. "పెళ్ళికొడుక్కి గడ్డం ఎప్పుడు గీయాలని కూడా అడిగాడు. అవ్వ వచ్చి నా జడ పొడుగు కొలిచింది. దిండ్లవాడు జంట దిండ్లు తెచ్చాడు. నీ కలలో నేను ఆకుపచ్చ కోక కట్టుకుంటానట గదా! నాకసలు ఆకుపచ్చ అంటేనే పడదు. రోజంతా ఈ ఆకులతోనేగా నా బతుకు!"

"వాళ్ళు... నా మీద అభిమానంతో అడిగారనుకున్నాను."

"అభిమానమే. వాళ్ళు అమ్ముకునే మల్లెల మీద, దిండ్ల మీద." ఆమె పుల్ల విరిచింది. "సరే, ఎవరికీ చెప్పని మాట ఒక్కటుంటే చెప్పు. లేదంటే నిన్ను చేసుకున్నా ఆ అంగళ్ళవాళ్ళందరితో కాపురం చేసినట్టే. నాకొద్దు."

కుర్రాడు లోపల వెతుక్కున్నాడు. బల్లి అంటే భయం? చీపుళ్ళవాడికి చెప్పేశాడు. చిన్నప్పటి జ్వరం? మందుల అంగట్లో ఉంది. అమ్మ పిలిచే ముద్దుపేరు? అది ఒక లడ్డూ కోసం పోయింది. ఖాళీ డబ్బాలో చెయ్యి పెట్టినట్టయింది వాడికి.

చేసేదేం లేక అరుగు కింద కూర్చుని ఒక ఆకు తీశాడు. కుట్టబోతే చిరిగింది. ఇంకోటి తీశాడు. అదీ చిరిగింది. ఆమె వద్దనలేదు. చాలాసేపటికి ఓ వంకర విస్తరి తయారైంది. అందులో అన్నం పెడితే నేల మీదే తినాలి.

దాన్ని చూస్తుండగా వాడికి తన గురించే ఏదో తెలిసింది. అంతవరకూ తనకే తెలియనిది. లేచి ఆమె చెవిలో చెప్పాడు.

ఆమె చేతిలో పుల్ల ఆగిపోయింది. ఆకుల కట్ట పక్కకి జరిపి, అరుగు మీద వాడికి చోటిచ్చింది.

కుర్రాడు తిరిగి వస్తుంటే మలుపు దగ్గర అంగళ్ళవాళ్ళంతా కాచుకుని ఉన్నారు. "ఏం చెప్పావు నాయనా?" అవ్వ గంప మొత్తం ముందుకు తోసింది. మిఠాయివాడు వేడి జిలేబీ మూతి దాకా తెచ్చాడు. కుర్రాడి నోరు అలవాటుగా తెరుచుకుంది.

"మూర పూలు ఇవ్వవ్వా," అన్నాడు. "కొసరు వద్దు."

డబ్బులిచ్చి, పూలు పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు.

వాడి కలల రంగు, చెప్పు అరుగుదల, బల్లి భయం ఇవన్నీ నాకెలా తెలుసంటారా? ఆ చాప మీదే కొన్నాను. లేకపోతే ఈ కథ ఎక్కడిది నాకు? ఆ ఒక్క మాట మాత్రం అక్కడ దొరకలేదు. వాడినే అడిగాను. కథలో నిన్ను ఇంకాస్త అందగాణ్ణి చేస్తానన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

అందుకే ఆ మాట ఉండాల్సిన చోట కథలో ఖాళీ ఉంది. మీ దగ్గర అలాంటిదేమైనా ఉంటే నా చెవిలో చెప్పండి. ఎవరికీ చెప్పను, ఒట్టు.