హాస్టలు డాబా మీద వేడినీళ్ళ డ్రమ్ము

విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో తవిటినాయుడు, సింహాద్రి, అప్పలనర్సు అని ముగ్గురు స్నేహితులుండేవారు. మిగతావాళ్ళు పాఠం వింటారనీ, తాము మాత్రం అర్థం కూడా చేసుకుంటామనీ ముగ్గురికీ మహా గర్వం.

వేడి గురించీ నీటి ప్రవాహం గురించీ వాళ్ళకి పాఠాలు చెప్పేది పైడితల్లి మేడమ్. బోర్డు మీద లెక్కలు చేయిస్తే ఈ చదువు రాదు, చేతులతో చేయిస్తేనే వస్తుందని ఆవిడ నమ్మకం. ప్రిన్సిపాలు గారికి ఆ నమ్మకం లేదు. ఈ ఏడాది ప్రాజెక్టులు తేలిపోతే మళ్ళీ సుద్దముక్కలే అని చెప్పేశారు. ఆవిడ ఈ ముగ్గురికీ ఎండతో నీళ్ళు కాచే యంత్రం అప్పగించింది. హాస్టలు డాబా మీద ఒక డ్రమ్ము, దాని కింద అద్దం బిగించిన పెట్టెలో నల్లరంగు పూసిన రాగి గొట్టాలు. అంతే.

మొదటిరోజు నీళ్ళు కాగాయి గానీ చీకటిపడేసరికి చల్లారిపోయాయి. వేడి బయటికి పోకుండా చూసుకోవాలి కదా అంది మేడమ్. మర్నాడు ముగ్గురూ కర్రలు పట్టుకుని డ్రమ్ము చుట్టూ కాపలా కూర్చున్నారు. అయినా నీళ్ళు చల్లారాయి. మెట్లమీంచి ఎవరూ దిగలేదని సింహాద్రి ఒట్టేసి మరీ చెప్పాడు.

మేడమ్ ఓపిక తెచ్చుకుని, చలికి మనం దుప్పటి కప్పుకోమూ, అలా కప్పండి అంది. ఇంకేముంది, హాస్టల్లో దుప్పట్లన్నీ డాబా ఎక్కాయి. డ్రమ్ముకి కప్పారు, అద్దానికీ కప్పారు. ఆ రోజు నీళ్ళు అసలు కాగనే లేదు. ఎండకి అడ్డం ఏదీ ఉండకూడదని ఆవిడ కేకలేసింది. అంతే, దుప్పట్లతోపాటు అద్దం కూడా ఊడదీశారు.

తర్వాత గొట్టాల్లో గాలి చేరి నీళ్ళు కదలడం మానేశాయి. గాలి పోవడానికి దారి ఇవ్వమంది మేడమ్. ఏ గాలి ఎటు పోదామనుకుంటుందో మనకేం తెలుసని అప్పలనర్సు బాగా ఆలోచించి, గొట్టం పొడుగునా కన్నాలు పెట్టాడు. గాలి పోయింది. దాని వెనకాలే నీళ్ళూ పోయాయి, మెట్లమీంచి కింద గదుల్లోకి.

ఇక లాభం లేదని మేడమే కొంగు దోపుకుని డాబా ఎక్కింది. గొట్టాలు మార్చింది, అద్దం బిగించింది, డ్రమ్ముకి కొబ్బరిపీచు చుట్టింది. పరీక్ష రోజు మధ్యాహ్నానికి నీళ్ళు చెయ్యి పెట్టలేనంతగా కాగాయి. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. ప్రాజెక్టు పరీక్షించడానికి వచ్చే పెద్దాయన ఏం అడిగితే అది చెయ్యండి, ఎదురు చెప్పకండని ముగ్గురికీ బోధించి, ప్రిన్సిపాలు గారిని తీసుకురావడానికి పరుగెత్తింది.

ఈలోగా పరీక్షాధికారి రానే వచ్చాడు. నీళ్ళలో వేలు ముంచి చటుక్కున తీసుకుని, సంతోషించాడు.

"బాగుంది బాబూ. నాకు బస్సుకి వేళవుతోంది. మీ ప్రాజెక్టు నాలుగు ముక్కల్లో చెప్పండి చాలు."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ప్రస్తుతానికి అంతా ఒక్కటిగానే ఉందనీ, కాసేపు ఓపిక పట్టాలనీ తవిటినాయుడు ఎంతో వినయంగా మనవి చేసుకుని, రంపం అందుకున్నాడు.

మేడమ్, ప్రిన్సిపాలు డాబా మీదకి వచ్చేసరికి కాగిన నీళ్ళు నలువైపులా పారుతున్నాయి. పరీక్షాధికారి బూట్లు చేత్తో పట్టుకుని పిట్టగోడ ఎక్కి నిలబడి, ఆపమని అరుస్తున్నాడు.

"కంగారుపడకండి సార్," అన్నాడు తవిటినాయుడు రంపం ఆపకుండా. "ఇంకొక్క ముక్కే."