నలభై రోజుల నేల

శిఖామణి వేసిన నేల రెండోసారి కూడా లేచింది.

చీరాలలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్. అందులో చివరి గదికి వినైల్ షీటు పరవాలి. శిఖామణి సొంతంగా వేసిన మొదటి గది అది. వాళ్ళ ఉస్తాద్ మీరాసాయిబు దగ్గర ఒక పద్ధతుంది. శిష్యుడు వేసిన నేల నలభై రోజులు కదలకుండా ఉంటే, షీటు కోసే తన కత్తి వాడి చేతికిస్తాడు. అది చేతికొస్తేనే మేస్త్రీ. దానికోసం శిఖామణి ఆరేళ్ళు గచ్చులు గీకాడు.

మొదటిసారి తొమ్మిదో రోజుకి గది మధ్యలో ఉబ్బింది. పీకి, అంగుళం వదలకుండా గమ్ము పూసి మళ్ళీ అంటించాడు. ఈసారి ఆరో రోజుకే లేచింది. అదే చోట. ఎవరో దుప్పటి కప్పుకుని వెల్లకిలా పడుకున్నట్టు.

"ఆ గదిలోకి మేం రామంటన్నారయ్యా పేషెంట్లు," అంది ఆయా నాగరత్నం. "ఇంకోసారి లేచిందంటే డాక్టరమ్మ వేరేవాళ్ళని పిలిపిస్తదంట."

శిఖామణి షీటు పీకేసి, ఇంకా గట్టి రకం గమ్ము రెండు డబ్బాలు తెచ్చాడు. ఉస్తాద్‌నీ తీసుకొచ్చాడు.

"దేంతో అంటిస్తే పడుంటదో చెప్పండి ఉస్తాద్. దీని సంగతి తేలుస్తా."

మిట్టమధ్యాహ్నం. మీరాసాయిబు గుమ్మం బయట చెప్పులు విడిచాడు. శిఖామణి చెప్పులతోనే లోపలికి నడిచాడు. ముసలాయన ఫ్యాను ఆపించి, ఉత్త గచ్చు మీద బోర్లా పడుకుని చెవి ఆనించాడు.

"ఏంది, పాటలొస్తన్నాయా?" నవ్వాడు శిఖామణి.

ఉస్తాద్ పైకి లేచాడు. ఒక ప్లాస్టిక్ కవరు చింపి గచ్చు మీద పరిచాడు. నాలుగు పక్కలా టేపు అంటించాడు.

"రేపు ఇదే టైముకి చూద్దాం."

మర్నాడు తలుపు తీసేసరికి కవరు పొంగి ఉంది. లోపలంతా చెమట, అద్దం మీద ఎవరో నోరు పెట్టి ఊదినట్టు. చూస్తుండగానే మెల్లగా దిగింది. ఆగింది. మళ్ళీ లేచింది. కిటికీలు మూసే ఉన్నాయి. ఫ్యాను తిరగట్లేదు.

"ఇక్కడ బావి ఉండేది," అంది నాగరత్నం, గుమ్మం దాటకుండానే. "పూడ్చేసి కట్టారు."

శిఖామణి ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా పౌరుషం చావలేదు. డబ్బా మూత పీకాడు.

"బావైతే ఏంది? మందంగా కొడితే అదే అణుగుద్ది."

మీరాసాయిబు దగ్గరికొచ్చి, అరచేత్తో అతని నోరూ ముక్కూ కలిపి మూసేశాడు.

వేళాకోళం అనుకున్నాడు శిఖామణి. చెయ్యి తియ్యలేదు ముసలాయన. చెవుల్లో హోరు మొదలైంది. కళ్ళు మసకేశాయి. రెండు చేతులతో ఒక్క తోపు తోశాడు. ఉస్తాద్ వెళ్ళి గోడకి తగిలాడు.

"ఎందుకురా తోశావ్?"

"ఊపిరాడక! చంపేస్తారా ఏంది?"

ఉస్తాద్ గచ్చు వైపు చూశాడు.

"అదీ అందుకేరా."

కవరు దిగింది. మళ్ళీ లేచింది. శిఖామణి డబ్బాకి మూత పెట్టేశాడు.

ఆ సాయంత్రం చుక్క గమ్ము లేకుండా షీటు పరిచాడు. గోడల పొడుగునా వేలెడు సందు వదిలాడు. ఆ సందు కనపడకుండా స్కర్టింగు పట్టీ కొట్టాడు, గోడకి మాత్రమే. ఒక మూల పట్టీ కొట్టకుండా తెరిచే ఉంచాడు.

నలభయ్యో రోజు ఉస్తాద్ వచ్చాడు. నేల నున్నగా, అద్దంలా ఉంది. గది మధ్యలో శిఖామణి ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"కత్తి నాకొద్దు ఉస్తాద్," అన్నాడు, ఎవరో నిద్రలేస్తారన్నట్టు గొంతు తగ్గించి. "కదలకుండా ఉండాలన్నారుగా. ఇది కదుల్తానే ఉంది. చెప్పులేసుకుంటే తెలవదు. ఉత్త కాళ్ళకి తెలుస్తంది."

మీరాసాయిబు వెనక్కి తిరిగి చూశాడు. శిఖామణి చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి.

తన చెప్పులు వాటి పక్కన విడిచి లోపలికొచ్చాడు. కత్తి తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఆ మూల మాత్రం ఎప్పుడూ మూయకు," అన్నాడు.