నరహరి మాస్టారి చీటీ

"వాడికి రాసిచ్చేదేదో నాకెందుకు రాసివ్వరు మాస్టారూ?"

పదిహేనేళ్ళప్పుడు నరహరి మాస్టారిని నేనడిగిన మాట ఇది. నాతోపాటు ఫిడేలు నేర్చుకునే పోలిరాజుకి ఆయన రోజూ పాఠం కాగానే ఓ చీటీ రాసి, మడిచి, తన చేత్తో వాడి ఫిడేలు పెట్టెలో పెట్టేవారు. నాకు మాత్రం "వెళ్ళిరా బాబూ", అంతే. నేనా, పోర్టు ఇంజనీరుగారి అబ్బాయిని. తంజావూరు నుంచి తెప్పించిన ఫిడేలు నాది. వాడిదేమో రైలుగేటు అవతల చేపలపేట, వాయించేది మాస్టారి పాత ఫిడేలు. అలాంటివాడికి ఏ విద్యారహస్యం రాసిస్తున్నారోనని నా కడుపు ఉడికిపోయేది. మాస్టారు నవ్వారు. ఆ నవ్వుకి ఇంకా మండింది నాకు.

ఆ ఆదివారం మూడింటికి రేడియోలో మా ఇద్దరికీ ఎంపిక పరీక్ష. పొద్దుటి పాఠం అయ్యాక, వాడు మంచినీళ్ళకి లోపలికెళ్ళగానే పెట్టెలోంచి చీటీ కొట్టేశాను. సందు చివర పోలీసు అవుట్‌పోస్టు ముందునుంచే నడిచాను. "నాన్నగారు బావున్నారా బాబూ?" అని పలకరించాడు కానిస్టేబులు. ఇంటికెళ్ళి, తలుపేసుకుని చీటీ విప్పాను.

"ఈ ఫిడేలు నాది. పోలిరాజు నా శిష్యుడు, దొంగ కాడు. పదకొండింటిదాకా నా దగ్గరే ఉన్నాడు. దయచేసి పోనివ్వండి." కింద తేదీ, సంతకం.

పరిగెత్తుకెళ్ళి మాస్టారికి నిజం చెప్పేశాను. పోలిరాజు అప్పటికే వెళ్ళిపోయాడు. ఆయన చెప్పులేసుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. అవుట్‌పోస్టులో పోలిరాజు నేలమీద కూర్చుని ఉన్నాడు, చెంప వాచిపోయి. పెట్టెలో చీటీ ఉందన్నాడట, వెతికితే లేదట. పైగా అబద్ధాలొకటా అని ఇంకో రెండు తగిలించారట.

ఫిడేలు తనదేనని, మూడింటికి కుర్రాడికి పరీక్ష ఉందని మాస్టారు చెప్పుకున్నారు. "ఎస్సైగారొచ్చి చూడాలండి. సాయంత్రం అవుతాది," అన్నాడు కానిస్టేబులు.

"చీటీ దొంగిలించింది నేను," అన్నాను.

కానిస్టేబులు పకపకా నవ్వాడు. "పెద్దింటి బిడ్డలు, సరదాకి తీసుంటారు లెండి. ఇంటికెళ్ళండి బాబూ, ఎండగా ఉంది."

మాస్టారు వెళ్ళి పోలిరాజు పక్కనే నేలమీద చతికిలబడి, వాడి భుజమ్మీద చెయ్యి వేశారు. సిగ్గుమాలిన మాటే, అయినా చెప్తాను: ఆ చెయ్యి చూసి అప్పుడు కూడా నాకు కుళ్ళుగానే ఉంది. గుమ్మంలోనే నిలబడిపోయాను.

మాస్టారు తలెత్తి చూశారు.

"నువ్వెళ్ళు బాబూ. నీకు చీటీ అక్కర్లేదు."