పడవల మీద ఫ్రెంచి పాఠం

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు యానాంలో ఆడబోయే ఫ్రెంచి నాటకంలో తెర లేవగానే మొదటి వాక్యం చెప్పాల్సింది తను. ఇవాళ పొద్దున్నే, నాటకం నేర్పే సిల్వెస్త్రు మేష్టారు ఆ వాక్యం రాసిచ్చిన కాగితం వెనక్కి తీసేసుకున్నారు. అక్కడ ఇంట్లో తాత, ఒకప్పుడు ఫ్రెంచి సైన్యంలో పనిచేసినవాడు, మనవరాలి నోట ఆ భాష వినాలని కోటు ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నాడు. ఆయనకి ఏ మొహం చూపించాలి?

రేవులో గాలికి కూర్చున్న మేష్టారి దగ్గరికెళ్ళి నిలదీసింది.

"నా తప్పేంటండీ? ప్రతి మాటా విడివిడిగా, గట్టిగా చెప్పాను కదండీ."

"ఏదీ, మళ్ళీ చెప్పు."

"ఇల్. ఆరివ్. అవెక్. ఎల్. ఆ. యానాం."

ఆయన ఆమెతో యానాం వస్తాడని అర్థం. ఒక్కో మాటనీ మేకు దిగ్గొట్టినట్టు చెప్పింది.

"కలిపేయాలమ్మా. ఇ-లా-రి-వ-వె-కె-లా-యా-నాం."

"అదే అన్యాయమంటున్నా. అవెక్‌లో క్ అవెక్‌దే కదండీ. దాన్ని లాక్కెళ్ళి ఎల్ నెత్తిన పెట్టడమేంటి? పైగా చివర్లో తప్ప ఎక్కడా నొక్కి పలకకూడదంటారు. మిగతా మాటలేం పాపం చేశాయి?"

మేష్టారు లేచారు. చెప్పులు విడిచి, రేవులో పక్కపక్కనే కట్టేసిన పడవల మీదుగా నడిచి చివరి పడవలో కూర్చున్నారు.

"ఇలా రా."

కోపం కోపంగానే వెళ్ళింది రత్నం. ప్రతి పడవలోనూ రెండు కాళ్ళూ ధన్‌మని వేసి నిలబడింది. వేసినచోటల్లా పడవ ఒరిగి నీళ్ళు చిమ్మాయి. చివరికి చేరేసరికి పరికిణీ మోకాళ్ళదాకా తడిసింది. ఆ తడి కూడా మేష్టారు చేసిన అన్యాయంలాగే తోచిందామెకి.

మేష్టారు లేచి వెనక్కి బయల్దేరారు. ఒక పడవలో కాలు ఇంకా ఉండగానే రెండో కాలు పక్క పడవలో పడుతోంది. ఏదీ కదల్లేదు. గట్టెక్కాకే రెండు పాదాలూ ఆనించి నిలబడ్డారు.

"నువ్వు ప్రతి పడవలోనూ దిగిపోతున్నావు రత్నం," అన్నారు అక్కణ్ణించి.

రత్నం తను దాటొచ్చిన పడవల వంక చూసింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. పరికిణీ పిండుకుని అడుగేసింది. పడవ దాటి పడవ, ఎక్కడా ఆగకుండా, పెదాలు ఆ వాక్యమే గొణుగుతుండగా నడిచింది. గట్టు మీద రెండు కాళ్ళూ ఆనాక, చివరి ముక్క పైకి వినిపించింది.

"... నాం."

మేష్టారు జేబులోంచి కాగితం తీసి ఆమె చేతిలో పెట్టారు.

"మీ తాతని ముందు వరసలో కూర్చోబెట్టు."