గాలి తగ్గించి నడపమన్నారు

"వాళ్ళంతట వాళ్ళే అడుక్కి దిగిపోతారట మాస్టారూ! మనం చేసేదేమీ లేదట! మీకు ఒళ్ళు మండటం లేదా?" అని అడిగింది ఊర్మిళ. ఆమె రామినాయుడు మాస్టారి దగ్గరే కెమికల్ ఇంజినీరింగ్ చదువుకుని, ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతోంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలందరినీ సి సెక్షన్‌లోకి తోసి, ఇక వాళ్ళకి ల్యాబ్ దండగని ప్రిన్సిపాల్ ఆ ఉదయమే తేల్చేశారు. ల్యాబ్ లేని ఇంజినీరింగ్ ఏమిటో, ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో ఆయనకే తెలియాలి.

ఏదడిగినా చేసి చూపించడమే మాస్టారి అలవాటు. ప్రిన్సిపాల్‌ని ఒక్కసారి ల్యాబ్‌కి రమ్మని కబురు పెట్టారు.

అక్కడ నిలువెత్తు గాజు గొట్టం ఉంది. అందులో భీమిలి ఒడ్డున దొరికే నల్ల ఇసుకనీ, మామూలు తెల్ల ఇసుకనీ కలిపి పోశారు. నల్లది బరువు. అడుగు నుంచి గాలి పంపితే ఇసుక నీళ్ళలా కదులుతుంది. మాస్టారు గాలిని సన్నగా వదిలారు. చూస్తుండగానే నల్ల ఇసుక అడుక్కి జారింది, తెల్లది పైకి చేరింది.

"చూశారా! ఎవరి చోటు వాళ్ళకి తెలుసు. ఇసుకకున్న జ్ఞానం కూడా మన ఊర్మిళగారికి లేకపోయె!" అని ప్రిన్సిపాల్ నవ్వారు. ఊర్మిళ పళ్ళు కొరికింది.

మాస్టారు గాలి పెంచారు. అడుగున బుడగలు పుట్టాయి. ఒక్కో బుడగా తన వెనకాలే ఇంత నల్ల ఇసుకని లాక్కుపోయి, పైన పగిలి, అక్కడ చల్లింది. తెల్లది పక్కల నుంచి కిందికి దిగింది. కాసేపటికి రెండూ కలగలిసిపోయాయి. గాలి పంపే కంప్రెసర్ మాత్రం గది అదిరేలా మోగుతోంది.

"ఆపండి! ఈ గోల నా గదిలోకి వినబడుతోందనే కదా గాలి తగ్గించి నడపమన్నాను!" అని ప్రిన్సిపాల్ చెవులు మూసుకున్నారు.

మాస్టారు ఠక్కున ఆపేశారు. కలిసిన ఇసుక కలిసినట్టే నిలిచింది.

"ఇప్పుడేమంటారు సార్?" అంది ఊర్మిళ.

"అది ఇసుకండీ. పిల్లలు వేరు" అంటూ ప్రిన్సిపాల్ బయటికి నడిచారు. ఇందాక జ్ఞానం నేర్పిన ఇసుకే నిమిషంలో ఉత్త ఇసుకైపోయింది! సిగ్గు లేకపోతే సరి.

ఊర్మిళ ఆయన వెంట పడబోయింది. మాస్టారు ఆపి, మళ్ళీ గాలి మీట మీద చెయ్యి వేశారు.

"ఆయనతో మనకెందుకమ్మా. సి సెక్షన్ పిల్లల్ని పిలుచుకురా. గోలవుద్ది, అవనీ."